జ్ఞానాంబమ్మ వదిలిన సీటు

అమ్మా నేనూ వరండాలో కూర్చుని అనపగింజలు పితుకుతున్నాం. రాత్రంతా నానిన గింజను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి, పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. నావి అప్పుడప్పుడూ గోడకు తగులుతాయి గానీ అమ్మకు గురి తప్పదు. ఆ రోజు మాత్రం అమ్మవి కూడా గిన్నె దాటి పోతున్నాయి.

"ఏంటికి మే ఆ యమ్మ శనివారం పూట వస్తా ఉండాది?" అంది అమ్మ. "ఆదివారం రాకూడదా? పూర్ణికీ సెలవు గదా."

"వాళ్లకు ఎప్పుడు తీరితే అప్పుడు వస్తారు. శనివారమైతే నీకేం, ఆదివారమైతే నీకేం?" అన్నాడు నాయన. పక్కింటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలను ఆయన తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచినవే మళ్లీ తుడుస్తున్నాడు.

రాబోయేది జ్ఞానాంబగారు. మా చెల్లెలు పూర్ణిమ హోసూరులో పనిచేసే కంపెనీ యజమాని ఉమాశంకర్‌గారి భార్య. ఉమాశంకర్‌గారి తాత హోసూరు బజారులో పప్పులంగడి నడిపినవాడు. మనవడి కంపెనీలో ఇప్పుడు వందలమంది ఆడపిల్లలు మూడు షిఫ్టుల్లో కరెంటు బండ్లకు కావలసిన సర్క్యూట్ బోర్డులు తయారుచేస్తున్నారు. పూర్ణిమ పని ఆ బోర్డులను భూతద్దం కింద పెట్టి అతుకులు సరిగా ఉన్నాయా లేదా అని చూడటం. హాస్టల్లో ఉంటుంది. నెలకోసారి డెంకణికోట బస్సెక్కి ఇంటికొస్తుంది.

అమెరికాలో ఒక ప్రైవేటు కంపెనీ డబ్బున్నవాళ్లను రాకెట్లో కూర్చోబెట్టి, ఆకాశం అంచు దాకా తీసుకుపోయి దింపుతుందట. పోయి రావడానికి పట్టే సమయంలో మా ఊరి బస్సు డెంకణికోట కూడా చేరదు. పైన కొద్ది నిమిషాలు మనిషి బరువు లేకుండా తేలుతాడు, కిటికీలోంచి భూమిని చూస్తాడు. ఉమాశంకర్‌గారు నాలుగేళ్ల కిందటే అందులో రెండు సీట్లు కొన్నారు, తనకూ భార్యకూ. మొన్న వేసవిలో క్యాంటీన్లో మైకు పట్టుకుని, తన భార్యకు బీపీ ఉన్నందువల్ల ఆమె సీటును కంపెనీలో ఒక అమ్మాయికి ఇస్తున్నానని ప్రకటించారు. డబ్బున్నవాళ్లే కాదు, మన పిల్ల ఒకతి కూడా పైకి పోవాలన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. టీవీవాళ్లు వచ్చారు. పరీక్షలు పెట్టగా పెట్టగా ముగ్గురు మిగిలారు, అందులో మొదటిది పూర్ణిమ.

"గిర్రున తిప్పే కుర్చీలో కూర్చోబెట్టినారక్కా," అని నాతో చెప్పింది. "ఉమాశంకర్ సారు వాంతి చేసుకున్నాడు. నేను చేసుకోలే. దిగి, ఇంకోసారి తిప్పుతారా అని అడిగినాను."

ఆ వారమే మా ఊరి మలుపులో ఫ్లెక్సీ వెలిసింది. ఎవరిదో తెల్లటి సూటు బొమ్మకు పూర్ణిమ తల అతికించారు. తల చిన్నదైపోయింది. పక్కన ఉమాశంకర్‌గారు దానికి రెండింతలున్నారు. నాయన రోజూ పాలు పోసి వచ్చేటప్పుడు దాని ముందు కాసేపు నిలబడేవాడు. టీ అంగడి దగ్గర ఆయన్ని ఆటపట్టించేవాళ్లు.

"పైన ఏముండాదంటప్పా శ్రీరామప్పా?"

"ఏమీ లేదంట."

"ఏమీ లేనిదాన్ని చూసేదానికి అంత దూరమా? మా చేన్లో ఏనుగులు పడి ఉండాయి, ఆ సెట్టిని ఈడికి రమ్మను. టికెట్టు కూడా వద్దు."

నాయన నవ్వి ఊరుకునేవాడు. పూర్ణిమ తిరిగి వచ్చాక ఎమ్మెల్యే శాలువా కప్పుతాడని ఆయనకు ఎవరో చెప్పారు.

అమ్మ మాత్రం పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఒక్కటే అడిగేది. "ఆ యమ్మ ఏంటికి పోదంట?"

"బీపీ అని చెప్పినారు గదమ్మా."

"బీపీ నాకూ ఉండాది. కలుపు తీయలేదా నేను?"

పూర్ణిమ చిన్నప్పటి నుంచీ ఏదీ గట్టిగా అడిగిన పిల్ల కాదు. పాస్‌పోర్టు కోసం మేమిద్దరం కృష్ణగిరికి పోయిన రోజు, తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని చెప్పింది. "ఆరో తరగతిలో భూమి గుండ్రంగా ఉండాదని రాసినానక్కా. మార్కులు వేసినారు. చూడకుండానే రాసినాను. రోజంతా తల కిందికి వంచి బోర్డులు చూసేదే నా పని. ఒక్కసారి చూసి వస్తానే." ఆమె మెడ వెనక, భూతద్దం మీద వంగీ వంగీ, ఎముక పైకి తేలి ఉంది.

కారు రోడ్డు మీద ఆగింది. మా ఇల్లు గుట్ట మీద ఉంటుంది. రోడ్డు నుంచి బండల మెట్లెక్కి రావాలి. కొత్తవాళ్లు ఎవరొచ్చినా సగంలో ఆగి నడుము పట్టుకుంటారు. జ్ఞానాంబగారు ఆగలేదు. కారులో వెంట తెచ్చిన పూర్ణిమతో ఏదో మాట్లాడుతూ, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఊపిరైనా మారకుండా వరండాలోకి వచ్చారు. అమ్మ చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

వాళ్ల వెనక ఒక అయ్యవారు, పైన తువ్వాలు కప్పిన పెద్ద పళ్లెంతో డ్రైవరూ వచ్చారు. డ్రైవరు పళ్లెం దించి కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

"కుర్చీ వద్దులే శ్రీరామప్పా," అంటూ జ్ఞానాంబగారు అమ్మ పక్కనే చాప మీద కూర్చున్నారు. "పితికిపప్పు చేస్తా ఉండారా? మా అవ్వ ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి పితికించేది." ఆమె ఒక గింజ తీసుకుని నొక్కారు. పప్పు ఎగిరి అయ్యవారి పంచె మీద పడింది. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. జ్ఞానాంబగారు చెడ్డమనిషి కాదు. పూర్ణిమ జడలో పెట్టడానికి హోసూరు నుంచి గులాబీలు తడిగుడ్డలో చుట్టి తెచ్చారు.

కాఫీలయ్యాక అయ్యవారు చెంబుతో నీళ్లడిగాడు.

"పూర్ణిమ క్షేమంగా పోయి రావాలని చిన్న పూజ," అన్నారు జ్ఞానాంబగారు. "రెండు నిమిషాల పని, అంతే. పూర్ణిమా, ఈడ కూర్చోమ్మా. పడమటికి తిరుగు."

నేను నీళ్లు తెచ్చేసరికి పళ్లెం మీది తువ్వాలు తీశారు. ముందు వరసలో పట్టుచీర, యాపిల్ పండ్లు. వాటి వెనక ఒక చిన్న ఇనుప మూకుడులో నూనె, దాని పక్కన నల్లగుడ్డలో కట్టిన మూట. మూట ముడి దగ్గర నుంచి నల్ల నువ్వులు నాలుగు రాలి పళ్లెంలో పడి ఉన్నాయి.

అమ్మ చూసింది.

మా వైపు శనిదానానికి ఎవరూ చెయ్యి చాపరు. గ్రహం బాగాలేనివాళ్లు నువ్వులూ ఇనుమూ నూనే ఇస్తారు, ఆ కీడు దానం పట్టినవాళ్లకు అంటుకుంటుందని నమ్మకం. డెంకణికోటలో ఒక ముసలాయన పట్టేవాడు, పట్టినది ఇల్లు చేరకుండా అడవిలో వదిలి వచ్చేవాడు. ఆయన పోయాక ఇచ్చేవాళ్లు మనిషిని వెతుక్కుంటూ కృష్ణగిరి దాకా పోతున్నారు.

"ఇది పిల్ల క్షేమానికి చేసేది కాదమ్మా," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "మీ మీద ఉండేది దించుకునేది."

జ్ఞానాంబగారు అయ్యవారి వైపు చూశారు. ఆయన చెంబులోకి చూస్తున్నాడు.

"చెప్పండమ్మా. బీపీ కాదు గదా?"

"కాదు," అన్నారామె. "ఈ సంవత్సరం నాకు ఆకాశంలో గండం ఉండాదని చెప్పినారు. ఒకరు కాదు, ముగ్గురు చెప్పినారు."

"ఒకటే రాకెట్టు గదా. పక్కన కూర్చునే సార్‌కు లేని గండం మీకెట్ల వచ్చె?"

"నాకేం తెలుసు? ఆయన ఎవరి మాటా వినేటోడు కాదు. రెండేండ్లుగా ఏడ్చినాను, కాళ్లు పట్టుకున్నాను. నవ్వుతాడు. పిల్లలు చదువుకుంటా ఉండారు. నేనన్నా మిగలాల గదా వాళ్లకు?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "సీటు పేరు మార్చినంత మాత్రాన గండం మారదంట. చేత్తో దానం పట్టాలంట."

"అందుకని నా బిడ్డ చేతిలో పోస్తారా?"

"నేను బలవంతం చేయను. పూర్ణిమ వద్దంటే వద్దు. ఇంకా ఇద్దరు పిల్లలు పాసైనారు, వాళ్లనడుగుతాను." ఆమె నాయన వైపు తిరిగారు. "శ్రీరామప్పా, నువ్వు చెప్పు."

నాయన చేతిలో కుర్చీలు తుడిచిన గుడ్డ ఇంకా ఉంది. దాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. "నాదేముందమ్మా," అన్నాడు. "పిల్ల ఇష్టం."

పూర్ణిమ అప్పటి దాకా పడమటికి తిరిగే కూర్చుని ఉంది. కుడిచెయ్యి ముందుకు చాపింది. "పొయ్యండి మేడమ్," అంది. "నాకు తెలుసు. క్యాంటీన్లో అందరికీ తెలుసు. మీ వంటావిడ చెప్పింది."

"తెలిసీ ఒప్పుకున్నావా మే?" అంది అమ్మ.

"ఇది కాకపోతే నన్ను ఎవరు పంపిస్తారమ్మా? నాకు ఇంకొక దోవ ఉంటే చూపించు. రాకెట్టు పగిలితే సారూ నేనూ ఇద్దరమూ పోతాము, పగలకపోతే ఇద్దరమూ వస్తాము. దానికీ నువ్వులకూ ఏమి సంబంధం? ఉత్త నువ్వులు. నువ్వు ఏమీ అనక సుమ్మనే ఉండు."

అమ్మ లేచి ఆ చెయ్యి పట్టుకుంది. పూర్ణిమ వెనక్కి తీసుకోలేదు. ఇద్దరూ గట్టిగా పట్టుకునే ఉన్నారు. అమ్మ చేతుల జిగురంతా పూర్ణిమ మణికట్టుకు అంటింది. నేనేదైనా అంటానని అమ్మ నా వైపు చూసింది. నాకు పూర్ణిమ మెడ కనిపిస్తోంది, వంగి వంగి తేలిన ఆ ఎముక. పోవద్దని ఎలా అనగలను? పొమ్మని మాత్రం ఎలా అంటాను?

"నువ్వు వదలకపోయినా పట్టుతా," అంది పూర్ణిమ. ఆ మాట నెమ్మదిగా అంది. కోపంగా అని ఉంటే అమ్మ తిట్టి ఉండేది. "ఈడ వద్దంటే హోసూరులో పట్టుతా."

అమ్మ వదిలేసింది. తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. తిరిగి వచ్చి పూర్ణిమ పక్కనే పడమటికి తిరిగి కూర్చుంది. కుడి అరచెయ్యి చాపింది.

"నా చేతిలో పొయ్యండి. నువ్వులు నాకు, సీటు దానికి."

"అమ్మా!" అంది పూర్ణిమ. "నీకేమన్నా పిచ్చా?"

"ఏంటికి? ఉత్త నువ్వులంటివి గదా. ఉత్త నువ్వులైతే నేను పట్టితే ఏమి?"

పూర్ణిమ మొహంలో అంతకుముందున్న గట్టితనం కరిగిపోయింది. అమ్మ చేతిని కిందికి నొక్కబోయింది. అమ్మ దాన్ని మోకాలి మీద ఆనించి బిగబట్టింది.

"శ్రీరామప్పా, ఏమప్పా ఇది?" అన్నారు జ్ఞానాంబగారు. ఆమె అయ్యవారి వైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు. తగ్గించినా అందరికీ వినపడింది.

"ఈమె పట్టితే నాకు సరిపోతుందా సామీ?"

అయ్యవారు మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "పైకి పోయేది కన్నబిడ్డ. తల్లి పట్టినా చెల్లుతుంది," అన్నాడు. ఆ మాట నిజంగా ఎక్కడైనా ఉందో, ఎండ ముదిరిందని అన్నాడో నాకు తెలియదు.

జ్ఞానాంబగారు మూట తీసి అమ్మ అరచేతిలో పెట్టారు. అయ్యవారు మంత్రం చదివాడు. అందులో జ్ఞానాంబగారి పేరూ గోత్రమూ వచ్చాయి. అమ్మను గోత్రమేమని అడిగితే, "ఏదో ఒకటి చెప్పుకోండి," అంది. నీళ్లు మూట మీద నుంచి, అమ్మ వేళ్ల సందుల్లోంచి కారి చాప మీద పడ్డాయి. జ్ఞానాంబగారు కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలారు. అంతసేపూ ఆమె భుజాలు ఎంత బిగుసుకుని ఉన్నాయో అప్పుడు తెలిసింది.

తర్వాత పట్టుచీర తీసి పూర్ణిమ ఒళ్లో పెట్టారు. "వచ్చే నెల ప్రయాణం. సార్ టికెట్లు పంపిస్తారు," అన్నారు. పూర్ణిమ చీరను ముట్టుకోలేదు. ఆమె అమ్మనే చూస్తోంది.

"అమ్మా, ఇట్ల ఇయ్యి. ఆ మూట ఇట్ల ఇయ్యి. నేను పోనులే."

అమ్మ విన్నట్టే లేదు. తడి మూటను కొంగులో వేసుకుని ముడి వేసింది. ఇనుప మూకుడు నూనె తొణకకుండా రెండు చేతులా ఎత్తుకుంది. నాయన అడ్డం వచ్చి నిలబడితే పక్కకు తప్పుకుంది. పూర్ణిమ లేచి చెయ్యి పట్టుకోబోయింది, నూనె చూసి ఆగిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా అమ్మ మెట్లు దిగింది. ఎవరితోనూ ఏమీ అనకుండా, కారును దాటి, అడవి వైపు మట్టిదారిలో నడిచి వెళ్లిపోయింది.