ఒంటిచేత్తో రాసిన పరీక్ష

“అమ్మా, నన్ను పసిపిల్లల గదిలోంచి తీసేశారు” అని కూతురు ఫోన్ చేయగానే తల్లి హడలిపోయింది. ఏ బిడ్డ కిందపడిందో, ఈపాటికి పోలీసులు వచ్చేశారో! ఒక కాలికి తన చెప్పూ ఇంకో కాలికి మొగుడి చెప్పూ తొడుక్కుని, కూతురు ఆయాగా చేసే శిశుకేంద్రానికి పరుగెత్తింది.

తీరా చూస్తే ఏ బిడ్డా పడలేదు. అంతా కేంద్రంవాళ్లు ఆయాలకు పెట్టిన ఆన్‌లైన్ పరీక్ష వల్లట. మనకే తెలియకుండా మనసు అడుగున ఎవరి మీద చిన్నచూపు ఉందో పట్టేస్తుందట. తెర మీద తెల్లని ముఖాలూ నల్లని ముఖాలూ, మంచి మాటలూ చెడ్డ మాటలూ గబగబా వస్తుంటే మీటలు నొక్కాలి. మొదటి సగంలో తెల్లని ముఖాలకూ మంచి మాటలకూ ఒకే మీట. రెండో సగంలో మంచి మాటలకు జోడీ నల్లని ముఖాలు. చెయ్యి ఎక్కడ తడబడితే చిన్నచూపు అక్కడున్నట్టు. కూతురి చెయ్యి రెండో సగంలో బాగా తడబడింది; నల్లనివాళ్లంటే చిన్నచూపని తేల్చేశారు.

“ఇకనుంచి బట్టలుతికే గదిలో పని” అంది మేనేజరమ్మ.

“తప్పయిపోయిందనవే!” తల్లి కూతురి మోచెయ్యి గిల్లింది. “ఉద్యోగం పోతే వీధిన పడతాం.”

“ఏం తప్పమ్మా? పరీక్ష రాసేటప్పుడు చంకలో ఇక్కడి బుజ్జిగాడొకడున్నాడు. మొదటి సగం హాయిగా నిద్రపోయాడు. తర్వాత లేచి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. వాణ్ణి ఊపుతూ ఒంటిచేత్తో నొక్కాను.”

“దింపి రాయొచ్చుగా?” అంది మేనేజరమ్మ.

“ఏడుస్తుంటేనా?” తల్లి నోరు జారింది. అని, తనే నాలుక కరుచుకుంది.

“సరే, రెండు చేతులూ ఖాళీ చేసుకుని ఇప్పుడు మళ్లీ రాయి.”

తల్లికి ప్రాణం లేచొచ్చింది. “రాసెయ్యవే, నా తల్లివి కదూ!”

“రాయను.” కూతురు మేనేజరమ్మ వైపు తిరిగింది. “నాలో చిన్నచూపు లేదని అనడం లేదు మేడమ్. ఉందేమో, నాకేం తెలుసు! తెలుసుకోవాలంటే వచ్చి ఆ గదిలో కూర్చోండి. ఎవరేడిస్తే చప్పున లేస్తున్నానో, ఎవర్ని ఏడవనిస్తున్నానో చూడండి. తప్పుంటే మొహం మీదే చెప్పండి, దిద్దుకుంటాను. మీటలు మాత్రం నొక్కను.”

లోపల ఎవరో పసివాడు కయ్యిమన్నాడు. కూతురు ఎవరి అనుమతీ అడక్కుండా లోపలికి వెళ్లి ఎత్తుకుంది.

“సెక్యూరిటీని పిలవమంటావా?” మేనేజరమ్మ గొంతు పెంచింది.

తల్లి కళ్లముందు కూతుర్ని రెక్క పట్టి ఈడ్చుకెళ్లడం, ఇంటివాడు సామాన్లు బయట పడేయడం, మొగుడికి బీపీ పెరగడం వరసగా కదిలాయి. వెళ్లి ఆ గది గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది.

“పిలవండి మేడమ్. ముందు నన్ను లేపాలి మరి. మోకాళ్ల నొప్పులు, అంత తేలిగ్గా లేవను. ఈలోగా ఆ కుర్చీ లాక్కుని మీరూ కూర్చోండి, మా పిల్ల పని చూద్దురుగాని.”

భయం మాత్రం పోలేదు. అయినా లేవలేదు.