మౌనం వేళ గంట

మధ్యాహ్నం రెండు దాటి నలభై నిమిషాలైంది. భుజం మీద చెయ్యి పడలేదు.

సిస్టర్ ఆగ్నెస్ గుడిలో, క్రీస్తు దేహంగా కొలిచే అప్పం, దివ్యసత్ప్రసాదం ముందు మోకాళ్ల మీదే ఉంది. మాచర్ల రోడ్డు పక్కనున్న ఆ మఠంలో గడప దాటని కన్యస్త్రీలు ఐదుగురు. రాత్రీ పగలూ ఎవరో ఒకరు పీఠం ముందు ఆరాధనలో ఉండాలి. తర్వాతి సిస్టర్ వచ్చి భుజం తాకితేనే ముందున్న మనిషి లేవాలి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ చోటు ఒక్క నిమిషం ఖాళీగా లేదు.

ఇప్పుడు మఠం పెద్ద మదర్‌తో సహా ముగ్గురు డెంగ్యూతో నరసరావుపేట ఆసుపత్రిలో ఉన్నారు. మఠానికున్న ఒక్క ఫోనూ మదర్‌తోనే వెళ్లింది. మిగిలింది యాభై నాలుగేళ్ల ఆగ్నెస్, డెబ్భై తొమ్మిదేళ్ల సిస్టర్ శౌరమ్మ. మూడు రోజులుగా గంటకొకరు. ఆగ్నెస్ మోకాళ్లు మండుతున్నాయి. జపమాల వేళ్ల మధ్య కదులుతోంది కానీ ఏ పూస దగ్గరుందో గుర్తుండటం లేదు.

పాపం, నిద్రపట్టేసి ఉంటుంది అనుకుంది మొదట. ఇంకో పది నిమిషాలు చూద్దాం. ఆ పదీ అయ్యాక ఇంకో పది. ఇప్పుడు మాత్రం అది నిద్ర కాదనిపించింది. శౌరమ్మ ఆలస్యంగా వచ్చిన రోజు ఒక్కటీ లేదు.

లేస్తే ముప్ఫై ఒక్క ఏళ్లు తెగిపోతాయి. లేవకపోతే?

ఆగ్నెస్ లేచింది.

శౌరమ్మ స్నానాలగది గచ్చు మీద పడి ఉంది. కుడికాలు అడ్డంగా తిరిగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఎప్పుడు పడ్డారమ్మా?"

"ఒంటిగంటన్నరకి."

"గంట పైనయింది! ఒక్క కేక వెయ్యచ్చు గదా!"

"మౌనం వేళ గదే," గుసగుసగా అంది శౌరమ్మ. "పైగా నువ్వు ఆరాధనలో ఉంటివి."

ఆగ్నెస్‌కి ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి. తను అక్కడ కదల్లేదు, ఈమె ఇక్కడ అరవలేదు. ఇద్దరూ నియమం తప్పలేదు.

ఎత్తబోతే శౌరమ్మ పళ్లు బిగించింది. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఆగ్నెస్ వసారాలోకి పరుగెత్తి గంట తాడు అందుకుంది. మౌనం వేళ ముగిసి మూడయ్యేదాకా మోగకూడని గంట. ఆపకుండా లాగింది.

రోడ్డవతల మెకానిక్ సుభానీ ఆ గంట విని టీ తాగుతాడు, ఆ గంట విని షాపు మూస్తాడు. వేళ కాని వేళ మోగేసరికి చేతిలో స్పానర్‌తోనే వచ్చేశాడు. వెనకాలే అతని తల్లి బీబీ.

"ఏందమ్మా, ఏమైంది?"

"శౌరమ్మగారు పడిపోయారు నాయనా. లోపలికి రా." ఆగ్నెస్ తాళం తీసింది.

సుభానీ గడప దగ్గర ఆగాడు. "మగోళ్లు రాగూడదంట గదా?"

"రమ్మన్నాగా!"

అతనే ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల్లో నూట ఎనిమిది బండి వచ్చింది. శౌరమ్మను స్ట్రెచర్ మీదకి చేర్చాక డ్రైవర్ అడిగాడు. "తోడెవరొస్తారు?"

పీఠం ముందు ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది ఆగ్నెస్‌కి. గుడిలోకి పరుగెత్తింది.

ఊచల తెరకి అవతల, ఊళ్లోవాళ్లు కూర్చునే బల్ల మీద, కొంగు తల మీద కప్పుకుని బీబీ కూర్చుని ఉంది.

"ఎవురో ఒకరు ఉండాలంట గదా, అందుకే కూచున్నా. ఫ్యాను కూడా చల్లగుంది."

"ఎప్పట్నుంచి బీబమ్మా?"

"గంట ఆగినప్పట్నుంచి. నేనొచ్చేసరికి మాత్రం ఎవురూ లేరు. అబద్ధమెందుకు?"

ఆగ్నెస్ పీఠం వైపు చూసింది. "ఆమెకి తోడు నేనే వెళ్లాలి."

"పో మరి! మీ జపాలు నాకు రావు. నాకొచ్చింది చదువుకుంటా. మోకాళ్ల మీద మాత్రం నా వల్ల గాదు తల్లీ."

మఠంలో చేరిన ఇరవై ఆరేళ్ల తర్వాత ఆగ్నెస్ గడప దాటింది. ఎండ కళ్లలో గుచ్చింది. బండి కదిలింది.

పిడుగురాళ్ల దాటాక శౌరమ్మ కళ్లు తెరిచింది. "గుళ్లో ఎవరున్నారే?"

చెప్పాలా వద్దా అని ఆగ్నెస్ ఒక్క క్షణం తటపటాయించింది. "సుభానీ వాళ్లమ్మ."

శౌరమ్మ తల ఆమె వైపు తిప్పింది.

"మోకాళ్ల మీదేనా?"

"బల్ల మీద కూర్చుందమ్మా."

"మంచి పని చేసింది," అంది శౌరమ్మ.

ఆగ్నెస్ వినలేదు. స్ట్రెచర్ కమ్మీకి తల ఆనించి అప్పటికే నిద్రపోయింది.