గోతికి కట్టిన ధర

ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడే నాకు లెక్కలు బాగా తడతాయి. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, తవ్వి మట్టి తోలాల్సిన గొయ్యి పొడవు, వెడల్పు, లోతు చెప్తారు. ఎంత దూరం తోలాలి, దారి ఎలా ఉంది అని నేను అడుగుతాను. కూర మాడకుండా చూసుకుంటూనే డీజిలు, డ్రైవరు జీతం, టైర్ల అరుగుదల, మట్టి దింపే చోట ఇవ్వాల్సింది అన్నీ కలిపి ఒక ధర చెప్తాను. ఆయన హాల్లోకి వెళ్ళి అదే ధర ఫోన్లో చెప్తారు, గొంతు కాస్త పెంచి. "మావాడిదంతా నోటిలెక్క. కాగితం, పెన్ను అక్కర్లేదు" అని మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో అని మురిసిపోతారు. మొదట్లో వింటే నవ్వొచ్చేది. ఈమధ్య ఒళ్ళు మండుతోంది.

మట్టి పనిలో గమ్మత్తంతా ఒక్కచోటే ఉంది. నేలలో ఉన్నంతసేపూ మట్టి అణిగి ఉంటుంది. తవ్వి పైకి తీశామా, గుల్లబారి పొంగుతుంది. గొయ్యి చూసి నాలుగు ట్రిప్పులే అనుకున్నది బండికెక్కేసరికి ఐదవుతుంది. పెళ్ళయిన కొత్తలో, ఎంత పని చేసినా ఏమీ మిగలడం లేదని ఆయన తల పట్టుకుని కూర్చునేవారు. ఒకరోజు డబ్బాలో పిండి జల్లించి తిరిగి పోస్తే అదే డబ్బాలో పట్టలేదు. మట్టీ అంతేనని అప్పుడు తట్టింది నాకు. చెప్తే, "ఏనాడూ మట్టి ముట్టుకోనిదానివి, నాకు చెప్పొచ్చావా?" అన్నారు. మర్నాటి నుంచి ధర నన్నే అడగడం మొదలుపెట్టారు, ఎవరూ లేనప్పుడు చూసి.

మొన్న ఒక బిల్డరు ఆఫీసులో సెల్లారు తవ్వే పనికి ధర అడిగారట. "ఇంటికెళ్ళి చెప్తాను" అన్నారట ఈయన. "దీనికి కూడా ఇంట్లో ఆవిడ్నే అడగాలా?" అని అక్కడున్న వాళ్ళంతా ఒకటే నవ్వు. ఈయనకి రోషం పొడుచుకొచ్చింది. గొయ్యి కొలతకే ధర కట్టి, అక్కడికక్కడే ఒప్పుకుని వచ్చేశారు. పొంగు సంగతే మర్చిపోయారు. అనుకున్న ట్రిప్పులన్నీ అయిపోయినా గొయ్యి పక్కన మట్టి గుట్ట ఇంకా మిగిలే ఉందని డ్రైవరు వచ్చి చెప్తేగానీ నాకు విషయం తెలియలేదు.

"ధర పెంచకపోతే బండి వాయిదా కట్టలేం. ఇప్పటికే వెనకబడ్డాం, ఈసారి ఫైనాన్సువాళ్ళు బండి పట్టుకుపోతారు" అన్నాను.

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. "సాయంత్రం బిల్డరు మనింటికొస్తున్నాడు. ఆ లెక్క నువ్వేశావని చెప్తా. ఆడమనిషి, తెలీక పొరబడింది అంటే జాలిపడి పెంచుతాడు. నువ్వు కాస్త తలూపు చాలు."

"ఊపితే నీ సొమ్మేం పోయింది? వాడి పరువు నిలబడుతుంది" అన్నారు అత్తగారు.

ఇన్నేళ్ళలో నేను కట్టిన ఏ ధరకీ నా పేరు లేదు. తప్పిన ధర ఒక్కటి దొరికితే, దానికి నా పేరు పెడుతున్నారు. కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ అవమానం. అయినా మధ్యాహ్నమంతా తలూపాలనే అనుకున్నాను. బండి పోతే మాకు తిండి ఉండదు. ఆ డ్రైవరుకీ ఉండదు.

బిల్డరు వచ్చాడు. టీ ఇచ్చి లోపలికి వెళ్ళలేదు నేను. కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను. అత్తగారు కళ్ళతో సైగ చేశారు, చూడనట్టే ఉన్నాను. ఆయన అనుకున్నట్టే చెప్పుకొచ్చారు. చెప్తున్నంతసేపూ జాలిగా నవ్వుతూనే ఉన్నారు, నా మీద.

బిల్డరు నావైపు తిరిగాడు. "ఏమ్మా, ఈ లెక్క నువ్వేశావా?"

కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాను.

"అసలు ధర ఎంతవుతుందో ఇప్పుడే చెప్తానండీ, న్యాయమనిపిస్తే ఇవ్వండి. ఇన్నేళ్ళూ మేం తోలిన ప్రతి గోతికీ లెక్క వేసింది నేనే. ఈ ఒక్కటే నేను వేయలేదు."