మూడో సిలిండర్

కాదమ్మలూ, 'పైపు జారిపోయింది' అని రాయకు. ఆ ముక్క కొట్టేయ్. పైపు జారలేదు, నేనే విప్పాను. అలాగని రాయి. ఇన్నేళ్లూ అందరూ జారిందనే అనుకున్నారు, మీ అమ్మతో సహా. ముందు అది కాగితం మీద పడితే మిగతాది నిదానంగా చెబుతాను. నా మాట ఎలాగూ నత్తనడక, నీ చెయ్యేమీ నొప్పి పుట్టదులే.

అప్పటికి నువ్వు పుట్టలేదు. నా పని గాలి నింపడం. నీళ్లలోకి దిగేవాళ్లు వీపుకు కట్టుకునే సిలిండర్లు ఉంటాయి చూడు, వాటిలోకి. రేవు పక్కన రేకుల షెడ్డు, దాని వెనక చిన్న గది, ఆ గదిలో గాలి మిషను. మిషనుకు పెట్రోలు ఇంజను. ఇంజను పొగ ఒక గొట్టంలోంచి బయటికి పోతుంది. మంచి గాలి ఇంకో పైపులోంచి లోపలికి వస్తుంది. ఆ రెండూ పామూ ముంగిసా లాంటివి, ఎదురుపడకూడదు. అందుకని గాలి పైపును షెడ్డు కప్పు మీద పొడుగాటి గెడకు కట్టి ఉంచేవాళ్లం. ఆ కట్టు మీ చిన్నతాతది, అంటే నా తమ్ముడిది. వాడు పడవ నడిపేవాడు. వాడు ముడి వేస్తే దేవుడు దిగొచ్చినా విప్పలేడని రేవులో సామెత.

పైపు మూతికి ఒక గుడ్డ జల్లెడ ఉంటుంది. రోజూ పొద్దున్నే కప్పెక్కి అది దులపాలి. ఆ వారం నా కుడి మోకాలు వాచింది. నిచ్చెన మీద మూడు రోజులు ఏడుస్తూ ఎక్కాను. నాలుగో రోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు, ఎక్కి ఆ ముడితో అరగంట కుస్తీ పట్టి విప్పాను. పైపు కిందికి దించి కిటికీ ఊచకు కట్టేశాను. మోకాలు తగ్గేదాకానే కదా అనుకున్నాను. గాలి సముద్రం మీంచి వీస్తోంది, పొగ అటు వెనక్కి పోతోంది. ఏం ఫర్వాలేదనిపించింది.

ఇంకో సంగతి. సిలిండర్ నింపాక నేను బిరడా కాస్త తిప్పి ఆ గాలి వాసన చూసేవాణ్ణి. చదువు లేకపోయినా ముక్కు ఉందని మీ అమ్మమ్మ ఎగతాళి చేసేది. ఆ రోజు ఆ ముక్కు కూడా లేదు. పడిశం. ఇంకొకర్ని పిలిచి కాస్త వాసన చూడమంటే పోయేది. 'నీ ముక్కు ఏమైందయ్యా' అని నవ్వుతారని పిలవలేదు.

ఆ పూట దిగేది ముగ్గురు. ఇద్దరు మొగుడూ పెళ్లాం, కొత్తగా పెళ్లయినవాళ్లు. వాళ్లకు దారి చూపించడానికి మీ అమ్మ. మూడు సిలిండర్లు నింపాను. నాలుగోది ముందురోజు సాయంత్రమే నింపి పడవలో పెట్టాను, అవసరానికి. మీ అమ్మకు ఒక నియమం ఉండేది. వచ్చినవాళ్లకు ముందు నింపినవి, తనకు ఆఖరుది. ఇంట్లో అన్నం కూడా అలాగే తినేది.

పడవ వెళ్లిపోయింది. నేను ఇంజను ఆపి కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాను. మీ అమ్మమ్మ చంకలో బట్టల మూటతో వచ్చింది.

"ఇదిగో, ఈ బట్టలన్నీ పొగ కంపు కొడుతున్నాయి. మళ్లీ ఉతకాలి, నీ ఇంజను ఉతుకుతుందా?"

నాకు వాసన రాలేదు. ఎప్పుడు ఆరేశావని అడిగాను. మూడో సిలిండర్ తగిలించేటప్పుడు, కిటికీ పక్కన తీగ మీద, అంది. అంతలోనే గాలి తిరిగిందని, దుప్పటి వచ్చి మొహానికి కొట్టుకుందని కూడా చెప్పింది. కిటికీ ఊచకు కట్టిన పైపు వైపు ఆవిడ చూడలేదు. చూసినా ఆవిడకు అదొక గొట్టం, అంతే.

అమ్మలూ, భయమంటే గుండె కొట్టుకోవడం అనుకునేవాణ్ణి. కాదు. ఆ క్షణాన నాకు చెవులు వినపడటం మానేశాయి. మీ అమ్మమ్మ నోరు కదులుతోంది, మాట లేదు. మూడో సిలిండర్లో ఉన్నది గాలి కాదు, ఇంజను పొగ. అది నా కూతురి వీపు మీద ఉంది.

ఆ పొగ సంగతి నీకు తెలియాలి. లోతులో ఉన్నప్పుడు మనిషికి పెద్దగా తెలియదు. తల బరువెక్కుతుంది, నిద్ర వచ్చినట్టు ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు పడగొడుతుంది. పోనీ గబుక్కున పైకి రమ్మందామా అంటే, అలా వస్తే ఊపిరితిత్తులు పగులుతాయి. దార్లో మనిషి నిలువు మూడెంతల లోతున తాడు పట్టుకుని మూడు నిమిషాలు ఆగి రావాలి. ఆ మూడు నిమిషాలూ పీల్చేది ఆ పొగే.

వాళ్లు దిగిన చోట ఫోన్ అందదు. రేవులో మిగిలింది ఒకే పడవ, తొందరగాడు అని పిలిచేవాడిది. వాడు జన్మలో దేనికీ తొందరపడలేదు, అందుకే ఆ పేరు. నేను వెళ్లి పడవలో కూర్చున్నాను. వాడు నన్నూ నీళ్లనూ మార్చి మార్చి చూశాడు. నాకు ఈత రాదు, పాతికేళ్లుగా ఆ రేవులో పని చేస్తూ ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. తాడు విప్పి ఇంజను లాగాడు. వాడు నిజంగా తొందరపడింది ఆ ఒక్కరోజే.

దార్లో తెల్లరాళ్లు దాటాలి. అక్కడ లోతు తక్కువ, నీళ్లు అద్దంలా ఉంటాయి. అద్దాలు పెట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, జనం బోర్లా తేలుతూ చేపల్ని చూస్తుంటారు. ఒడ్డు మీంచి చూసినప్పుడు ముచ్చటగా ఉండేది. ఆ రోజు దగ్గర్నుంచి చూస్తే అన్నీ శవాల్లా కనిపించాయి. ఒకాయన, లావుపాటి మనిషి, ఎంతకీ కదలడు. తొందరగాడు ఆయన చుట్టూ తిప్పుకుని పోతుంటే ఆ మనిషి తలెత్తి, చేపలు బెదిరిపోతున్నాయని మమ్మల్ని తిట్టాడు. తిట్టు విని అంత సంతోషించింది నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తెల్లరాళ్లు దాటితే గోడ. అక్కడ నేల ఉన్నట్టుండి గోడలా కిందికి దిగిపోతుంది, నీళ్ల రంగు నల్లబడుతుంది. మీ చిన్నతాత పడవ అక్కడే లంగరు వేసి ఉంది. వాడు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నేను పడవ ఎక్కి వచ్చానంటే ఏదో మునిగిందని వాడికి అర్థమైంది. మూడో సిలిండర్లో పొగ ఉందని మాత్రం చెప్పాను. ఎలా వచ్చిందో చెప్పలేదు.

వాడు రెంచీ తీసి, పడవ పక్కన నీళ్లలోకి దిగి ఉన్న నిచ్చెన ఇనప కమ్మీ మీద కొట్టాడు. మూడు దెబ్బలు, ఆగి మూడు దెబ్బలు. మెల్లగా పైకి రమ్మని గుర్తు. నేను లాక్కుని దబదబా కొట్టబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"కంగారుగా కొడితే కంగారుగా వస్తారు అన్నయ్యా. నువ్వు బుడగలు చూడు."

చూశాను. నీళ్ల మీద మూడు చోట్ల బుడగలు. రెండు పక్కపక్కన, బుడబుడమంటూ. ఒకటి విడిగా. మీ అమ్మ ఊపిరి నిదానం, ఒక గుప్పెడు బుడగలు వచ్చాక చాలాసేపటికిగానీ ఇంకో గుప్పెడు రావు. ఆ మధ్యలో నేను ఎన్నిసార్లు చచ్చానో లెక్క లేదు. బుడగలు వస్తే బతికుంది. రాకపోతే ఇంకా చూడాలి. ఒకసారి ఎంతకీ రాలేదు. మీ చిన్నతాత కూడా ఊపిరి బిగబట్టాడు, నాకు తెలిసింది. తర్వాత వచ్చాయి, చిన్నవి, చెదిరిపోయి.

ఈలోగా వాడు నాలుగో సిలిండర్‌కు గొట్టం బిగించి, తాడు కట్టి, వాళ్లు ఆగాల్సిన లోతుకు దించడానికి సిద్ధం చేశాడు. కానీ అది ఎందుకు వేలాడుతోందో కింద ఉన్న మీ అమ్మకు ఎలా తెలియాలి? పలక మీద రాసి పంపుదామన్నాడు. పలక కనపడలేదు. నాకు రాయడమూ రాదు. నా భుజం మీద ఆకుపచ్చ గళ్ల తువ్వాలు ఉంది, ఒక అంచు ఇంజను మీద కాలినది. అది తీసి సిలిండర్ మెడకు కట్టాను. నీళ్లంటే వణికిపోయే నాన్న తువ్వాలు సముద్రంలోకి వచ్చిందంటే గాలితోనే ఏదో తేడా అయిందని అది గ్రహిస్తుందని నా ఆశ. ఇంకో ఆశ లేదు.

దించాం. మూడు చోట్ల బుడగలూ తాడు దగ్గరికి చేరాయి. తాడు నా చేతిలోనే ఉంది. ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత రెండుసార్లు గుంజింది, చేప కొరికినట్టు. మీ అమ్మ ఆ గొట్టం అందుకుంది.

మీ చిన్నతాత గడియారం చూస్తూ మూడు నిమిషాలు ఆగాడు. పైకి వచ్చాక మీ అమ్మ నిచ్చెన ఎక్కలేకపోయింది, ఇద్దరం చంకల్లో చేతులు వేసి లాగాం. వాంతి చేసుకుంది. నా వైపు చూసింది కానీ నేనెవరో పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"నాన్నా, నువ్వు పడవెక్కావేంటి?"

ఆ మొగుడూ పెళ్లాలకు ఏమీ కాలేదు, వాళ్లవి మంచి గాలే. మీ అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లారు. మీ అమ్మమ్మ వెంట వెళ్లింది. మీ చిన్నతాత వాళ్లను బండి ఎక్కించి వస్తానన్నాడు. నేను షెడ్డుకు తాళం వేసి వస్తానన్నాను.

తాళం వేయలేదమ్మలూ. కిటికీ దగ్గరికి వెళ్లి, ఊచకు కట్టిన పైపు విప్పి నేల మీద పడేశాను. గెడ మీంచి జారి పడినట్టు. నా కూతురు బతికింది, ఇక నా మొహం వంక ఎలా చూస్తుందోనన్న భయం.

మీ చిన్నతాత వచ్చి ఆ పైపు చూశాడు. కప్పు మీద ఉత్త గెడ చూశాడు. అక్కడే కూలబడ్డాడు.

"నా ముడి జారింది అన్నయ్యా. నా ముడి బిడ్డను చంపబోయింది."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వాడే మీ అమ్మ దగ్గరికి వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ఆ నెలలోనే పడవ వదిలేసి సముద్రం కనపడని ఊరు వెళ్లిపోయాడు. మొన్న నువ్వు చూసొచ్చి చెప్పావు, చిన్నతాత లేసులున్న బూట్లు కూడా వేసుకోడని, ముడి వెయ్యాల్సిన పని ఏదైనా పక్కవాళ్లకు ఇస్తాడని. నువ్వు నవ్వుతూ చెప్పావు. నాకు ఆ రాత్రి ముద్ద దిగలేదు.

మీ అమ్మకు నేనే చెబుతాను, రేపు, ఎదురుగా కూర్చుని. భయంగానే ఉంది. కానీ మీ చిన్నతాత నా గొంతు వింటే ఏడుస్తాడు, ఫోన్ పెట్టేస్తాడు. నువ్వు వెళ్లి, పక్కన కూర్చుని, ఇది చదివి వినిపించు. వాడు మధ్యలో లేచిపోతే ఆగు, మళ్లీ కూర్చున్నాక చదువు. ఆఖరున ఇది మాత్రం రెండుసార్లు చదువు: గెడ మీద నువ్వు వేసిన ముడి జారలేదురా తమ్ముడూ, విప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆ సిలిండర్‌కు తాడు కట్టింది కూడా నువ్వే. అదీ జారలేదు.