సొర కరిచిన బోర్డు

నేను ఒక సర్ఫింగ్ బోర్డుని. అలల మీద మనిషిని నిలబెట్టే పలకని. ఇప్పుడు ఎవరినీ నిలబెట్టడం లేదు, విశాఖపట్నం దాటాక భీమిలి దారిలో ఒక టిఫిన్ హోటల్ గోడకి వేలాడుతున్నాను. నా ఎడమ అంచున అర్ధచంద్రంలా పెద్ద కోత ఉంది. దాని కింద ఎర్రరంగుతో 'సొర కరిచిన బోర్డు' అని రాశారు. వచ్చినవాళ్లంతా ఆ కోతలో తల పెట్టి, నోరు తెరిచి, కెవ్వుమన్నట్టు ఫొటోలు దిగుతారు. వాళ్ల తలనూనె జిడ్డు, నోట్లో నములుతున్న ఉల్లి పకోడీ వాసన, అన్నీ నా మీదే. నాకు ముక్కు లేదని వాళ్ల ధైర్యం.

నేను చెన్నై అవతల ఒక రేకుల షెడ్డులో పుట్టాను. తెల్లటి ఫోమ్ దిమ్మని చెక్కి, గాజుపీచు గుడ్డ చుట్టి, జిగురు పోసి ఆరబెట్టి, అడుగున మూడు రెక్కలు బిగించారు. నన్ను చెక్కినాయన పనిలో ఉన్నంతసేపూ నోరు విప్పేవాడు కాదు. కళ్లు మూసుకుని అరచేత్తో నా ఒళ్లంతా నిమిరి, ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ మళ్లీ గీకేవాడు. మనుషులంటే ఇలాగే ఉంటారు కాబోలు అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది.

నన్ను కొనుక్కున్నవాడి పేరు రామకోటేశ్వరరావు. బీచ్‌లో మాత్రం రాకీ. తెనాలి నుంచి ఉద్యోగానికని విశాఖ వచ్చి, ఉద్యోగం వదిలేసి సర్ఫింగ్ నేర్పే బడి పెట్టాడు. పక్కనే టిఫిన్ హోటల్ నడిపే పైడితల్లిని ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ తండ్రి పడవలు చేసే వడ్రంగి. పిల్ల గట్టిది, మాట కూడా గట్టిదే. రాకీ అల మీద నిలబడితే బాగుండేవాడని నేను ఒప్పుకుంటాను. రెండు పాదాలూ నా మీద పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, ఒళ్లు మరిచిపోయేవాడు. ఆ కాసేపే వాడు మనిషి. ఒడ్డుకి రాగానే మొదటి మాట, "అఖిలేషూ, వచ్చిందారా వీడియో?"

అఖిలేష్ వాడి స్నేహితుడు, కెమెరా పట్టేవాడు. ఆస్ట్రేలియాలో ఎవరినో సొరచేప కరిచిందట, ఆ వీడియోని కోట్లమంది చూశారట. ఈ ఇద్దరూ ఇడ్లీ తింటూ ఆ ముచ్చటే చెప్పుకునేవాళ్లు. ఎవరిదో కాలు తెగిపోతే వీళ్లకి అసూయ. అది వింటుంటే నాకు ఒళ్లు కంపరమెత్తేది.

నిజానికి సొర ఒకసారి వచ్చింది. ఒక పొద్దున నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు రాకీ నా మీద బోర్లా పడుకుని అల కోసం చూస్తున్నాడు. కింది నుంచి బూడిదరంగు ఒళ్లు ఒకటి మెల్లగా పైకి తేలింది. మనిషికంటే పొడుగ్గా ఉంది. నా రెక్కకి భుజం రాసుకుంటూ, తొందర లేకుండా, మమ్మల్ని ఒక చుట్టు చుట్టింది. నేను బిగుసుకుపోయాను. అది చూసింది, తనకు పనికొచ్చే సరుకు కాదనుకుంది, దారిన పోయింది. అంత మర్యాదగా నన్ను ఏ మనిషీ తాకలేదు. రాకీకి ఏమీ తెలీదు. వాడు ఒడ్డున ఉన్న కెమెరాకేసి చెయ్యి ఊపుతున్నాడు.

ఇక నా ఒంటి మీద కోత సంగతి. ఆ రోజు పక్క ఊరి జాలర్లు మా బీచ్‌లో అలివి వల లాగారు. అంటే పడవలో వెళ్లి వలని చుట్టూ వేసి, రెండు కొసలూ ఒడ్డు నుంచి పదిమంది కలిసి లాగే పెద్ద వల. చిన్న చేపల మధ్య ఒక టేకు చేప కూడా వచ్చింది. గుండ్రంగా, చేటలా ఉండి, తోక మొదట్లో విషపు ముల్లు ఉండే చేప. టేకు ఒడ్డుకొస్తే జాలర్లు ముందు చేసే పని ఒకటుంది. కర్రతో తోక నొక్కిపెట్టి, ముల్లు విరిచి, ఎవరి కాలికీ తగలకుండా ఇసకలో లోతుగా పాతేస్తారు. ఆ తర్వాతే బుట్టలో వేస్తారు.

రాకీ పరుగెత్తుకెళ్లి అడ్డం పడ్డాడు. "అన్నా, ముల్లు విరవకండి. నేను దీన్ని సముద్రంలో వదుల్తా. ప్రాణం కాపాడినట్టు వీడియో తీసుకుంటాం."

"ముల్లు ఇరిసి ఇత్తాం, అప్పుడు ఒగ్గీ బాబూ" అన్నాడు వాళ్లలో పెద్దాయన. "ఇప్పుడే కోపం మీదుంది. కాలు మీద కొట్టిందంటే ఓర్సుకోలేవు."

"ముల్లు లేకపోతే చూసేవాళ్లకి కిక్కేముంది?"

పెద్దాయన నవ్వి కర్ర పక్కన పడేశాడు. రాకీ, అఖిలేష్ కలిసి టేకుని నా మీద పడుకోబెట్టి మోకాలి లోతు నీళ్లలోకి తోసుకెళ్లారు. పాపం దాని ఒళ్లంతా నా మీద కొట్టుకుంటోంది. కెమెరాలో సరిగ్గా పడలేదని రాకీ దాన్ని మళ్లీ ఒడ్డువైపు లాగాడు. మళ్లీ వదిలాడు, మళ్లీ లాగాడు. మూడోసారి అది జారి, ఇసకలో దాక్కుంది. వీడు వెనక్కి అడుగేసి, సరిగ్గా దాని వీపు మీద కాలు పెట్టాడు.

కేక ఊరంతా వినిపించేదే, అల హోరులో కలిసిపోయింది. చీలమండ దగ్గర చీరుకుపోయి రక్తం కారుతోంది. జాలర్లు ఎత్తుకొచ్చి ఒడ్డున కూర్చోబెట్టారు, ఉడుకునీళ్లలో పెట్టమన్నారు, ఆస్పత్రికి పొమ్మన్నారు, ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగారు. తర్వాత చేపలు ఆటోకెత్తుకుని తమ ఊరు వెళ్లిపోయారు.

ఆ నవ్వు రాకీకి ముల్లుకంటే లోతుగా దిగింది. "టేకు పొడిచిందంటే పరువేముంటుందిరా?" అన్నాడు ఏడుస్తూ. అఖిలేష్ వీడియో చెరిపేశాడు. సర్ఫింగ్ బడి షెడ్డులోకి వెళ్లి రంపం తెచ్చాడు.

ఛీ! చెప్పడానికే నాకు రోతగా ఉంది. కాలి నుంచి రక్తం కారుతుంటే, నొప్పికి పళ్లు కొరుక్కుంటూ రాకీ అన్న మాట ఇది: "కొంచెం గుండ్రంగా కొయ్యిరా. సొర నోరు పెద్దదిగా కనబడాలి."

నన్ను కూడా ఆస్పత్రికి తీసుకెళ్లారు, సాక్ష్యానికి. డాక్టరు పుండు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పుండు చూశాడు. "సొర పడితే ఇంత చిన్న గాయమా? లోపల ఇంకేదైనా గుచ్చుకుందా? సరిగ్గా గుర్తు చేసుకోండి" అన్నాడు.

"లేదు సార్. బోర్డుని పట్టింది. కాలికి పన్ను గీసుకుందంతే."

నా కోతలోంచి తెల్లటి ఫోమ్ పొడి నేల మీద రాలుతోంది. ఊడ్చే ఆవిడ విసుక్కుంటూ చీపురుతో ఎత్తేసింది. సొర కరిస్తే రంపపు పొట్టు రాలుతుందా అని ఒక్కరికీ తోచలేదు. డాక్టరు గాయం కడిగి, కుట్లు వేశాడు. గీసుకుపోయిన గాయంలో ముల్లు ఉంటుందని ఎవరు వెతుకుతారు?

తర్వాత జాతర మొదలైంది. టీవీవాళ్లు మైకులతో వచ్చారు. సముద్రంలో సొరలన్నిటినీ పట్టించాలని ఒకాయన ఉపన్యాసమిచ్చాడు. ముక్కూమొహం తెలీనివాళ్లు మంచం పక్కన నన్ను నిలబెట్టి ఫొటోలు దిగారు. ఈ లోపల కట్టు కింద కాలు వాచి నల్లబడింది. గదిలో కుళ్లు వాసన. అగరొత్తులు వెలిగించారు. రాకీ మాత్రం జ్వరంలో మూలుగుతూనే సొర పళ్ల పొడుగు చేత్తో చూపించేవాడు.

కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పిన సాయంత్రం పైడితల్లి అందరినీ బయటికి పంపి తలుపేసింది. కన్నీళ్లు తుడుచుకుంటూ నాకు ఆనుకుని కూర్చుంది. ఆవిడ వేలు నా కోత అంచు మీద పడింది. ఆగింది. ఆ వేలు మళ్లీ అంచు వెంట అటూ ఇటూ నడిచింది. దీపం దగ్గరికి నన్ను లాక్కెళ్లి, కోత అంచుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది పన్ను కాదు" అంది. "రంపం."

"ఏం మాట్లాడుతున్నావే?"

"మా నాన్న రంపం ఒక కొస పట్టుకుంటే రెండో కొస నాను పట్టుకుని పెరిగాను. నాకు సెప్తావేటి? ఏటి కుట్టింది నిన్ను?"

రాకీ గోడవైపు తిరిగాడు.

"కాలు పోతాదంటున్నారయ్యా! ఇప్పుడు కూడా సొరేనా?"

గోడతో చెప్పినట్టు చెప్పాడు. "టేకు."

"టేకా?" పైడితల్లి దిగ్గున లేచింది. "మనం కూరొండుకునే టేకా?"

ఆవిడ పరుగెత్తింది. ఆ రాత్రే కుట్లు విప్పి వెతికితే లోపల వేలి కణుపంత ముల్లు ముక్క దొరికింది. అప్పటికే కుళ్లు ఎముకకి పాకింది. ముల్లు వచ్చింది, దాని వెనకే పాదమూ పోయింది. డాక్టరు ఆ ముక్కని చిన్న గాజుసీసాలో వేసి పైడితల్లి చేతిలో పెట్టి, "మొదటిరోజే చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు.

ఇక నా మీద ఎవరూ నిలబడరు. కొన్ని నెలలకి నన్ను హోటల్ గోడకి కొట్టారు. పైడితల్లి ఆ సీసాని నా కింద అరలో, అందరికీ కనబడేలా పెట్టింది. రాకీకి రోజూ కనబడాలి, కొంచెమైనా సిగ్గు రావాలి అని ఆవిడ ఆశ. నేనూ ఆశపడ్డాను. ఈ ఒక్క విషయంలో నేనూ ఆవిడా ఒకటే.

మర్నాడు బళ్లారి నుంచి ఒక బస్సు నిండా జనం వచ్చారు. ఒకావిడ సీసా చూసి, "ఇదేంటండీ?" అంది.

రాకీ చేతిలో పింగాణీ కప్పు పట్టుకుని, ప్లాస్టిక్ పాదం ముందుకి చాపి కూర్చున్నాడు. పైడితల్లి దోసె తిరగేస్తూ ఆగింది. అట్లకాడ గాలిలోనే ఉండిపోయింది.

"అదా?" అన్నాడు రాకీ. "దాని పన్ను. నా కాలిలో విరిగిపోయింది."

అందరూ అబ్బో అన్నారు. వెనక దోసె మాడిన వాసన వచ్చింది. పైడితల్లి మాడిన దోసెని గీకి చెత్తబుట్టలో పడేసి, ఇంకో గరిటె పిండి పోసింది. ఆ రోజు నుంచి ఆవిడ ఈ గోడవైపు చూడటం మానేసింది.

రాకీ లేచి వచ్చి, కథ రక్తి కట్టడానికి నా కోత మీద గట్టిగా చరిచాడు. నాలోంచి చిటికెడు తెల్లటి పొడి నేల మీద రాలింది. ఎవరూ చూడకముందే వాడు దాన్ని ఆ ప్లాస్టిక్ పాదంతో బల్ల కిందికి నెట్టేశాడు.