తిన్నని కుట్టు

మధ్యాహ్నం భోజనాలయ్యాక కుట్టు కొట్టు తలుపులు ఓరగా వేసి, ఇంటిల్లిపాదీ వెనక గదిలో నడుం వాల్చేవాళ్లు. ఉన్నది ఆ ఒక్క గదే. చలికాలమైతే అత్తగారు పెద్ద బొంత పరిచేది. ఎవరి చుక్క అందులో ఉంటే వాళ్ల మీదికి బొంత తనే పాక్కుంటూ వచ్చి మెడదాకా కప్పేది. చుక్క లేనివాళ్లు ఎంత లాక్కున్నా జారిపోయేది. పోనీ వేరే దుప్పటి తెచ్చుకుంటే అంచుతో ఒక్క తన్ను తన్ని అవతల పడేసేది. దాని తీరే అంత అని అందరూ సర్దుకుపోయారు.

చుక్కంటే ఎనిమిది రేకుల గుడ్డ నక్షత్రం. ఆ ఇంట పుట్టినవాళ్లూ మెట్టినవాళ్లూ తలా ఒకటి కుట్టి బొంతకు అతకాలి. చంటిపిల్లలకు తల్లి చుక్కే దిక్కు.

చిన్నకోడలి చుక్క ఎన్నాళ్లకీ కుదరలేదు. రెండు రేకుల మధ్య సందులో చదరపు ముక్క ఇరికించి, సూది దించి ఉంచి, గుడ్డను కుడికి తిప్పి మళ్లీ కుట్టాలి. ఆమెది పుర్రచెయ్యి. గుడ్డ ఎడమకే తిరిగేది. సందులో ముడత పడి చుక్క బోర్లించిన గిన్నెలా ఉబ్బేది. తోడికోడలు దాన్ని నెత్తిన పెట్టుకుని టోపీ అని నవ్వించేది. తనొక్కతే అయితే చిన్నకోడలు కూడా నవ్వి ఊరుకునేదేమో. ఇప్పుడు ఒళ్లో చంటిది ఉంది. బొంత దాన్ని ముట్టదు, దానికి దగ్గు తగ్గదు.

"చలి పోయేదాకా పుట్టింటికి వెళ్లి రారాదూ?" అన్నాడు మొగుడు, సంచీ సర్దిపెట్టి మరీ.

"నేనెందుకు వెళ్లాలి? నా ఇల్లు కాదా ఇది?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట మీదే మిషను ముందు కూర్చుంది. అసలీ సందు ఎవరు పెట్టమన్నారు? చదరాన్ని మూల నుంచి మూలకు రెండుగా కోసేసింది. మిగతా సందుల్లో పట్టే ముక్కల్నీ అలాగే కోసింది. ఒక్కో రేకుకు అటో సగం, ఇటో సగం ముందే కుట్టేసింది. ఇంక ఇరికించడానికి సందే లేదు. రేకునూ రేకునూ కలిపి నడిమి నుంచి మూలదాకా ఒకటే కుట్టు, గీత గీసినట్టు. చుక్క బల్ల మీద బుద్ధిగా పడుకుంది.

అత్తగారు దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "చదరం మధ్యలో ఈ అతుకేంటే?"

"రెండు చేశానత్తయ్యా. తిప్పే పని లేదు."

"దొంగకుట్టు. మా అత్తగారు నన్ను ఏడిపించి నేర్పారు, తెలుసా?"

"మీరు నన్ను ఏడిపించారుగా, చెల్లుకు చెల్లు. నా కూతురు మాత్రం ఏడవదు."

"బొంత ఒప్పుకోదు."

"అది బొంతనే చెప్పనివ్వండి," అని అందరి ముందే అతికేసింది.

ఆ మధ్యాహ్నం ఎవరికీ కునుకు పట్టలేదు. బొంత అంచు లేచి, కాసేపు తటపటాయించి, పాక్కుంటూ చంటిదాని మీదికొచ్చింది. తర్వాత తల్లి మీదికి. చిన్నకోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు లేచి సంచీలో బట్టలు తీసి దండెం మీద వేశాడు.

బొంత ఇటు జరగడంతో అటు అత్తగారి వీపు కింద నుంచి అంచు సర్రున ఊడొచ్చింది. ఆమె దాన్ని వీపు కింద అదిమి పట్టి పడుకుంటుందని అప్పుడు తెలిసింది. ఆమె చుక్కలో సందు కుట్టు విడిపోయి నోరు తెరుచుకుని ఉంది.

"ఎప్పటి నుంచి బొంత మిమ్మల్ని కప్పడం లేదత్తయ్యా?"

"పోయిన చలికాలం నుంచి. చూపు ఆనడం లేదు. గుడ్డ తిప్పలేకపోతున్నా." మోకాళ్లు ముడుచుకుంది. "ఆ దొంగకుట్టేదో నాకూ చూపించు."

చిన్నకోడలు లేవలేదు. "ఏ కుట్టు?"

అత్తగారు గోడ వైపు చూసింది, బొంత వైపు చూసింది. "సరేలే. తిన్నని కుట్టు."

"చంటిదాన్ని నిద్రపోనివ్వండి, వస్తా," అని చిన్నకోడలు తన శాలువా తీసి పుర్రచేత్తో అత్తగారి మీదికి విసిరింది.

బొంత దాన్ని తన్నలేదు.