మొదట చదివే మనిషి

సాయంత్రం కవితాగోష్ఠికని ఫిడెల్మా ఉడికించిన గుడ్లు మెదిపి రొట్టెముక్కల మధ్య పెడుతుంటే మొగుడు రోలండ్ వంటింటి గుమ్మంలో నిలబడి, "కవులకు ఇంకా పెళ్లి భోజనాలేనా? ఈ లెక్కన నీ కొత్త నవల నేను పోయాకే పూర్తవుతుంది," అన్నాడు. అని, తాగిన కప్పు సింకులో పడేసి వెళ్లాడు. ఫిడెల్మా ఆ కప్పు కూడా కడిగింది. మొగుడి మాటలకు ఆమె ఎప్పుడో రాటుదేలింది. లోపల తొలుస్తున్నది వేరే.

అసంప్టా. ఐర్లండులోని గాల్వేలో ఇద్దరిదీ ఒకే వీధి, లండన్‌కు వచ్చింది ఒకే ఓడలో. ఫిడెల్మా నవలలు రాసింది, పబ్ మేడమీద నెలనెలా కవితాగోష్ఠి పెట్టి పేరు తెచ్చుకుంది. నోరులేని ఆడవాళ్లకు నోరిచ్చిన రచయిత్రి అని పత్రికలు రాశాయి. ఆ నోరిచ్చిన మహాతల్లే, ఆస్పత్రి డ్యూటీ దిగి పరిగెత్తుకొచ్చే ఈ స్నేహితురాలి చేత ప్రతిసారీ కవిత మొదట చదివించేది. మొదట అంటే గౌరవం కాదు. జనం గ్లాసులు పట్టుకుని ఇంకా మెట్లెక్కుతూ, కుర్చీలు లాక్కుంటూ ఉండే వేళ. అందరూ కుదురుకున్నాక చివర చదవడమే పెద్దరికం. అది ఫెర్గస్ లాంటి పెద్ద కవులది, ఇవ్వకపోతే మూతి ముడుస్తారు. "నువ్వైతే ఏమీ అనుకోవు కదే," అనేది ఫిడెల్మా. అనుకోదని కాదు, అనుకున్నా ఏమీ చెయ్యలేదని. ఇంతకన్నా సిగ్గుచేటు ఉందా?

ఆ సాయంత్రం ఫెర్గస్ గ్లాసు నిండకముందే చెప్పేసింది.

"ఇవాళ మొదట మీరు. చివర అసంప్టా."

"నా మీద కోపమా అమ్మాయ్?" అన్నాడాయన. ఆ అమ్మాయికి అరవై దగ్గరపడుతున్నాయి.

"కోపం నా మీదే. కానివ్వండి, టైమైంది."

కుర్చీల చప్పుళ్ల మధ్య ఫెర్గస్ గొంతు చించుకుని చదివి దిగాడు. విరామంలో అసంప్టా ఫిడెల్మా చెయ్యి పట్టుకుని మూలకు లాగింది.

"నాకెందుకే ఈ గోల? నేను రాయడం మానేసి రెండేళ్లయింది. చదివిన మూడు కవితలే తిప్పి తిప్పి చదువుతున్నా. ఒక్కళ్లూ పట్టుకోలేదు," అంది నవ్వుతూ. "నువ్వు కూడా."

ఫిడెల్మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్నేహితురాలు చదివే వేళకు తానెప్పుడూ మెట్ల దగ్గరే ఉండేది, పెద్దవాళ్లెవరొస్తున్నారా అని చూస్తూ. క్షమించమందామనుకుంది. క్షమించే పని కూడా ఆమె నెత్తినే పెట్టినట్టవుతుందనిపించింది. చేతిలో ఉన్న రొట్టెల పళ్లెం ఫెర్గస్‌కు అందించి, "కాస్త అందరికీ పంచండి," అని వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

"ఆ మూడే చదవవే," అంది. "నేనింకా ఒక్కటీ వినలేదు."